నక్క తెచ్చిన ఇప్పపూల దొప్ప

కొండవాలు ఇప్పతోపులో గుబురమ్మ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. కూతురు వేటగాళ్ల ఉచ్చులో పోయాక, పసివాళ్లిద్దరికీ ఆ అమ్మమ్మే దిక్కయింది. ఎలుగు పిల్లలు పెద్దవాళ్ల వీపెక్కి, బొచ్చు పట్టుకుని తిరుగుతాయి. ఎంత పరుగెత్తినా ఆ పట్టు వదలవు. అందుకని పగలంతా గుబురమ్మకు బెంగ లేదు. పడుకుంటే మాత్రం కూతురు గుర్తొచ్చి కన్ను మూతపడేది కాదు.

ఆ సంగతి నక్క పసిగట్టింది. రోజూ సాయంత్రం పులిసిన ఇప్పపూలు దొప్పనిండా తెచ్చిపెట్టేది. అవి తిని గుబురమ్మ తూలుతూ మేతకు బయల్దేరితే, తోడొస్తానంటూ వెనకాలే నడిచేది. పొరుగునున్న ఏదుపంది ముళ్ళక్క వద్దని వారిస్తే, అది నీ మనవల్ని కాజేయాలని చూస్తోందని నక్క చాడీ చెప్పింది. గుబురమ్మ నమ్మి ముళ్ళక్కతో మాటలు మానేసింది.

ఒక సాయంత్రం వీపు మీద చిన్నదాని పట్టు సడలింది. దింపి చూస్తే మూతికి పులిసిన వాసన. దొప్పలో మిగిలిన పూలు ఆ పిల్ల నాకేసింది. అప్పటికే నక్క పిల్ల జారిన పక్కకు వచ్చేసి ఉంది.

"అయ్యో, పడిపోయేదే పెద్దమ్మా," అంటూ మూతి నాక్కుంది.

గుబురమ్మకు మత్తు దిగిపోయింది. ఎవరికీ ఎముక ముక్కైనా విదల్చనివాడు నాకెందుకు మోసుకొస్తున్నాడు? తోడొచ్చేవాడు పక్కన నడవడేం?

తెల్లవారాక తల దించుకుని ముళ్ళక్క దగ్గరికెళ్లింది. "నిద్ర పట్టట్లేదే ముళ్ళక్కా. కళ్లు మూస్తే నా కూతురే కనిపిస్తోంది."

"ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్లా వదినా?" అని ముళ్ళక్క పిల్లల్ని తన బొరియలో పడుకోబెట్టింది.

ఆ సాయంత్రం గుబురమ్మ నక్క కంటపడకుండా పూలను పొదలోకి ఒంపేసి, తూలుతున్నట్టు నడిచింది. పిల్లలకు బదులు ఆమె వీపెక్కి, ముళ్లు అణచుకుని ముళ్ళక్క కూర్చుంది. మసక వెలుతురులో నల్లటి ముద్దొకటి జారిపడగానే పిల్లే అనుకుని నక్క ఎగిరి నోట కరిచింది. మూతినిండా ముళ్లు.

"నెమ్మదిగా నములు బావా, నేనెక్కడికీ పోను," అంది ముళ్ళక్క.

నక్క కుయ్యోమంటూ కొండ దిగి పారిపోయింది.

ఆ పూట కూడా గుబురమ్మకు నిద్ర రాలేదు. నాలుక ఇప్పపూల మీదికే లాగింది. ముళ్ళక్క పక్కన కూర్చుని, కూతురి చిన్ననాటి అల్లరంతా అడిగి మరీ చెప్పించుకుంది. చెబుతూ చెబుతూనే గుబురమ్మ ఏడ్చింది, నవ్వింది, నిద్రపోయింది.

నీతి: పెద్దలు తమ దుఃఖాన్ని మత్తులో దాచుకుంటే, అది వెళ్లి పిల్లల మీద పడుతుంది.