ఈరమ్మ ఆనించిన చెవి

విన్నవాళ్ళకు చెవి చల్లన, చెప్పినవాళ్ళకు కడుపు చల్లన!

ఏ యేడో ఎవరికీ తెలియదు. ఆషాఢ అమావాస్య, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ. అది మాత్రం మరవకుండా చెప్పమన్నారు పెద్దలు.

కమ్మరి ఈరమ్మ కొలిమితిత్తి లాగేది. చదువు లేదు, సొమ్ము లేదు, గట్టిగా మాట్లాడే నోరూ లేదు. ఆమె కోడలు చౌడమ్మకు కొన్నాళ్ళుగా తలలో ఒకటే చప్పుడు. భుస్సు... భుస్సు...

మొగుడు మౌనాచారితో చెప్పుకుంది. "కొలిమింటి కోడలికి తిత్తి చప్పుడు కాక వీణ వినబడుతుందా?" అని నవ్వాడు.

పక్కింటి పిన్నమ్మతో చెప్పుకుంది. "గాలి సోకిందేమో, దిష్టి తీయించుకోవే" అంది.

అత్తతో చెప్పుకుంది. "నాకూ నిద్రలో వినబడుతుందిలే తల్లీ" అంది ఈరమ్మ. పొద్దంతా తిత్తి బుసకొట్టే ఇంట్లో ఎవరు మాత్రం పట్టించుకుంటారు?

అమావాస్య కమ్మరికి సెలవు. ఇనుము పెట్టి కొట్టే డాకలి కడిగి పసుపు రాశారు. తిత్తి ముడుచుకుని పడుకుంది. ఈరమ్మ కోడలికి తల దువ్వుతోంది. కోడలి కన్ను ఎర్రగా ఉబ్బి ఉంది.

"అత్తా, తిత్తి ఎవరు లాగుతున్నారు?"

ఈరమ్మ చెయ్యి ఆగిపోయింది. వంగి, కోడలి చెవి వెనక తన చెవి ఆనించింది.

భుస్సు... భుస్సు... భుస్సు...

"ఒరే మౌనీ! రారా! కొలిమి దీని తలలో ఉందిరా!"

ఎన్నడూ గొంతెత్తని మనిషి! ఆ కేకకు వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. కొడుకూ చెవి పెట్టాడు. మొహం పాలిపోయింది.

"బండి కట్టు! దిష్టి సంగతి తర్వాత!" అంది ఈరమ్మ.

పట్నం వైద్యుడు చూశాడు. "మంచిపని చేశావవ్వా. ఆలస్యమైతే మెదడులో రక్తం చిమ్మేది. రక్తం తోసుకొచ్చే నాళం, వెనక్కి తీసుకుపోయే నాళం మెదడు పైపొర దగ్గర దొంగదారిన కలిసిపోయాయి. ఆ ఉరవడి చప్పుడే ఇది."

"తల కోస్తారా సామీ?"

"లేదు. తొడ దగ్గరి నాళంలోంచి వెంట్రుకలాంటి గొట్టం పైకి పంపి, ఆ దారిని జిగురుతో పూడుస్తాం."

"చిల్లి తిత్తికి అతుకన్నమాట!" అన్నాడు మౌనాచారి.

"నీ తిత్తి తగలెయ్య, ముందు అమ్మవారికి దండం పెట్టు!" అంది ఈరమ్మ.

దారి పూడింది. చౌడమ్మ కళ్ళు తెరిచింది. ఈరమ్మ చెవి ఆనించింది. మళ్ళీ ఆనించింది. మూడోసారీ ఆనించింది.

"ఏమీ లేదే తల్లీ! ఏమీ లేదే!"

ఇల్లు చేరిన మర్నాడు, కొలిమి రాజేసే ముందు, ఈరమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరి చెవి వెనకా విన్నది. నవ్విన కొడుకు చెవి మెలిపెట్టి మరీ విన్నది.

ఈరమ్మ వెళ్ళిపోయింది. ఆనవాయితీ మిగిలింది. చెవి ఆనించి వినే ఇంటి పెద్దావిడను ఆ పేరుతోనే పిలుస్తారు. ఇప్పటికీ అమావాస్య మర్నాడు ఆ కమ్మరిళ్ళలో మగవాళ్ళు అడుగుతారు:

"ఈరమ్మ విన్నదా?"

"విన్నది. అంతా చల్లన."

"అయితే కొలిమి రాజెయ్యండి!"