కెంచ తినని అన్నం

మా గురువుగారు చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ళ మొహం చూసేవారు కాదు, కాళ్ళు చూసేవారు. కాళ్ళ మీద దుమ్ముంటే వెంటనే జవాబు చెప్పేవారు. శుభ్రంగా ఉంటే “రేపు చూద్దాం” అనేవారు. రాయదుర్గం దాటాక కొండవాలులో ఆయన ఉండే రెండు గదుల రాతింటికి ప్రతి ఆదివారం పది పన్నెండు మందిమి వెళ్ళేవాళ్ళం. మాలో ఒక ప్లీడరుగారు ఉన్నారు, బడిపంతుళ్ళు ముగ్గురున్నారు, నేను తాలూకాఫీసులో గుమాస్తాని. మా కాళ్ళెప్పుడూ శుభ్రంగానే ఉండేవి. జీవుడికీ దేవుడికీ భేదం ఉందా లేదా అని మేము ఏళ్ళ తరబడి అడిగాం, ఆయన ఏళ్ళ తరబడి రేపు చూద్దామన్నారు.

ఓబులేసు మాలో కొత్తవాడు. బస్సు డిపోలో మెకానిక్కు. వచ్చి వెనక కూచునేవాడు, వినేవాడు, వెళ్ళిపోయేవాడు. ఆ ఆదివారం ప్లీడరుగారు గొంతు సవరించుకుని మాయ గురించి ఎత్తుకోబోతుంటే, ఓబులేసు ఉన్నట్టుండి లేచి నిలబడి, “సామీ, మా ఇంట్లో ఒక కుక్కుంది. ఏం పెడితే తింటాది?” అన్నాడు.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను, ఇప్పుడు దాచుకుని లాభం లేదు. వేదాంతం చెప్పే చోట కుక్కల కూడు సంగతేమిటని మా ఉద్దేశం. ఓబులేసు పట్టించుకోలేదు. అతని పక్కింట్లో ఒంటరిగా ఉండే దర్జీ ఒకాయన పోయాడట. ఆయన కుక్క మూసిన తలుపు ముందు కూచుంటే జాలిపడి తెచ్చుకున్నాడట. పాలు పోశాడు. బ్రెడ్డు వేశాడు. కోడిగుడ్డు ఉడకబెట్టి పెట్టాడు. కుక్కల కోసమే అంగట్లో అమ్మే పొట్లం ఒకటి కొనుక్కొచ్చి, దాన్ని పాలల్లో నానబెట్టి కూడా చూశాడు. అయిదు రోజులైంది, కుక్క దేన్నీ ముట్టలేదు. కాసిని నీళ్ళు తాగి మూల పడుకుంటోంది. “పశువుల డాక్టరు జబ్బేమీ ల్యాదన్నాడు సామీ. దాని డొక్కలు చూస్తాంటే నాకు ముద్ద దిగడం ల్యా. కళ్ళముందరే సచ్చిపోతాదేమో” అన్నాడు. మా నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

గురువుగారు అతని కాళ్ళు చూడలేదు. మొహమే చూశారు, చాలాసేపు. తర్వాత తన ఇరవై ఆరో ఏట జరిగిన ఒక సంగతి చెప్పారు. అన్నేళ్ళలో ఆయన తన గురించి తాను మాట్లాడగా మేము వినడం అదే మొదలు.

అప్పట్లో ఆయన ఆ ప్రాంతంలోనే ఒక మఠంలో వంటశాల చూసేవారు. మఠం చిన్నదే గాని మడి పెద్దది. పొయ్యి మీద ఉన్నదాన్ని రుచి చూడడానికి వీల్లేదు. ఉప్పు చాలిందో లేదో వాసన పట్టి చెప్పాలి. ఎంగిలి అన్న మాట నోటితో పలికినా పుక్కిలించి రమ్మనేవారు. అలాంటి చోట కూడా చిదంబరయ్య మడి అంటే మఠం పెద్దయ్యగారే జంకుతారని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా చెరుకుగడ నమిలినంత తియ్యగా ఉండేదని గురువుగారే ఒప్పుకున్నారు.

మఠానికి రెండు మైళ్ళ అవతల బీడుభూమిలో గాదిలింగప్ప అనే కురుబాయన గొర్రెలు మేపుకునేవాడు. ఒక మధ్యాహ్నం పిడుగు పడి పోయాడు. బావమరిది వచ్చి మందను తన ఊరికి తోలుకుపోయాడు. అతనికి సొంత కుక్కలున్నాయి కాబట్టి గాదిలింగప్ప కుక్కను రాళ్ళేసి వెనక్కి తరిమాడు. అది తిరిగి ఆ బీడుకే వచ్చింది. మూడో రోజున చిదంబరయ్యగారు పక్క ఊరి నుంచి విస్తరాకుల కట్ట మోసుకుని వస్తూ దాన్ని చూశారు. ఎర్ర రంగు, ముసలిది, చెవి ఒకటి చిరిగి ఉంది. మనిషి పడిపోయిన చోటే, మాడిన గడ్డి మీద పడుకుని ఉంది. ఆయన మనసు నిజంగానే కరిగింది. పై పంచె చింపి దాని మెడకు కట్టి నడిపించుకు వచ్చారు.

మఠంలో కుక్కను ఉంచడమంటే మాటలు కాదు. భైరవుడి వాహనమని చెప్పి పెద్దయ్యగారిని ఒప్పించారు. బావి దగ్గర రెండుసార్లు స్నానం చేయించారు. మెడలో గొర్రెబొచ్చుతో పేనిన తాడు ఒకటి ఉంటే కంపు కొడుతోందని కోసి పారేశారు. నుదుట విభూతి పెట్టి భైరవుడని పేరు పెట్టారు. దాని పేరు కెంచ అని అప్పటికి ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు. తప్పిపోకుండా పశువులకొట్టం పక్కన గుంజకు కట్టి, కింద కొత్త గోనెపట్టా పరిచారు. తన పడకకు కూడా అంత శ్రద్ధ ఎప్పుడూ తీసుకోలేదన్నారు.

మొదటిపూట దేవుడికి నివేదించిన పెసరపప్పు అన్నంలో నెయ్యి వేసి, మనుషులెవరూ ముట్టకముందే, కొత్త విస్తరిలో తెచ్చి దాని ముందు పెట్టారు. కుక్క అన్నాన్ని చూసింది. తలెత్తి ఆయన నోటి వైపు చూసింది. మళ్ళీ అన్నాన్ని చూసింది. తోక రెండుసార్లు నేలకు కొట్టి, ముందుకాళ్ళ మీద తల ఆనించుకుంది. అది కృతజ్ఞత అనుకున్నారాయన. కొత్త చోటు కదా, మనుషులుంటే బెదురుతుందేమోనని పక్కకు వచ్చేశారు. కుక్క తినే చోట నిలబడడం మడికి కూడా మంచిది కాదు. సాయంత్రం వెళ్ళి చూస్తే అన్నానికి చీమలు పట్టి ఉన్నాయి.

మర్నాడు పెరుగన్నం పెట్టారు. ఆ మర్నాడు బెల్లం వేసిన గోధుమ జావ. ఆపైన పాలల్లో మెత్తగా కలిపిన రాగి అంబలి. ఏది పెట్టినా కుక్క చేసేది ఒక్కటే, అన్నాన్ని చూడడం, మనిషి నోటి వైపు చూడడం, తల దించుకోవడం. నీళ్ళు మాత్రం తాగేది, గుంజ చుట్టూ మొలిచిన గరిక కొరుక్కునేది. అయిదారు రోజులు గడిచాక వంటశాలలో కట్టెలు కొట్టే రుద్రన్న చూడలేక, “మాంసం తిన్న నోరు సామీ, పప్పన్నం యాడ దిగుతాది దానికి?” అన్నాడు. చిదంబరయ్యగారు రెండు రోజులు కొట్టుమిట్టాడారు. చివరికి ప్రహరీ బయట మూడు రాళ్ళు పెట్టించి, ఊళ్ళోవాళ్ళ చేత ఎముకల పులుసు కాయించి, తన చేత్తో మోసుకెళ్ళి కుక్క ముందు పెట్టారు. తర్వాత నెత్తిన నీళ్ళు పోసుకున్నారు. అంత మడి గల మనిషి నోరులేని జీవం కోసం ఎముకలు ముట్టాడని ఊరంతా చెప్పుకుంది. కుక్క మాత్రం ముట్టలేదు. దాని ఒళ్ళు వణికింది. చొంగ కారి మట్టి తడిసింది. మూతి అంగుళం కూడా ముందుకు రాలేదు.

“గాదిలింగప్ప పెండ్లాన్ని ఒక మాట అడగరాదా సామీ” అని కూడా అన్నాడు రుద్రన్న. ఆమె ఉండేది రెండు మైళ్ళ దూరంలో. కాని ఆ ఇంట్లో మైల ఉంది. మైల ఇంటి గడప తొక్కినవాడు ఆ పూట నైవేద్యం వండకూడదు. ఎవరినైనా పంపి కనుక్కుందామన్నా, మఠంలో ఉన్నవాళ్ళందరిదీ అదే మడి. మైల తీరాక చూద్దామనుకున్నారు. పదకొండో నాటికి మైల తీరింది గాని అప్పటికి ఈయనలో ఇంకొకటి మొదలైంది. కోపం. దేవుడికి పెట్టింది తెచ్చి పెడితే ఒక కుక్క కాదంటుందా అని. కులాచారాన్ని పక్కనపెట్టి ఎముకలు కూడా పెట్టాను కదా, ఇంకేం చెయ్యాలి అని. ఇక ఎవర్నీ అడగదలుచుకోలేదు. అయినా ఒక్క పూట తప్పకుండా విస్తరి తీసుకెళ్ళి పెట్టేవారు, వెనక్కి చూడకుండా వచ్చేసేవారు. “పెట్టడం నా ధర్మం, తినకపోవడం దాని ఖర్మ అనుకున్నాను. అప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో తెలుసా?” అన్నారు గురువుగారు. ఆ హాయి అన్న మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడడానికి నాకు భయం వేసింది.

ఇరవయ్యో రోజు పొద్దెక్కాక గాదిలింగప్ప భార్య ఈరమ్మ తనంతట తానే వచ్చింది. కుక్క మఠంలో ఉందని అంతకుముందే సంతలో ఎవరో చెప్పారట. కొంగులో రాగి సంగటి ముద్ద మూట కట్టుకుని వచ్చింది. మఠం గుమ్మం బయటే నిలబడితే చిదంబరయ్యగారే కొట్టం వైపు దారి చూపించారు. ఇంత చేసినా తినలేదని ఆమెకు చెప్పుకోవాలని కూడా ఉంది ఆయనకు. “కెంచా” అని పిలిచింది ఆమె. కుక్క లేవడానికి చూసింది, వెనకకాళ్ళు రాలేదు. తోక మాత్రం కదిలింది. దాని ముందు ఆ పూట పెట్టిన విస్తరి నిండుగా ఉంది, ఈగలు ముసురుతున్నాయి.

ఈరమ్మ విస్తరి వైపు చూసి, “కొరికి పెట్టినారా సామీ?” అంది.

“ఎంత మాట! మేము ఎంగిలి పెడతామా అమ్మా? దేవుడికి చూపించిన అన్నం అది” అన్నారు ఈయన.

ఆమె మట్టిలో కూలబడి, కుక్క తల ఒళ్ళోకి తీసుకుంది. “మందల కాడ దొంగలు మాంసంలో ఇసం పెట్టి ఏస్తారు సామీ. కుక్క సచ్చినాంక గొర్రెల్ని తోలుకపోతారు. అందుకే మా ఇంటాయన కూనప్పట్నుంచే నేర్పినాడు. మనిసి ముందు ఒక కొరుకు కొరికి మింగల్ల. మిగిలింది పెడితేనే ఇది తినల్ల. అట్ట కాకుండా తింటే సావగొట్టేటోడు” అంది. “ఆయన్నే కొరకల్లని ల్యాదు. ఎవురు కొరికినా తింటాది. మనుసులు ఇంతమంది ఉండారే అని నేను దిగుల్లేకుండా ఉంటి.”

చెబుతూనే సంగటి ముద్ద విప్పి ఒక కొరుకు కొరికింది. నమిలి, కుక్క చూసేలా మెడ చాచి మింగింది. మిగతాది దాని మూతి ముందు పెట్టింది. కుక్క అప్పుడు నోరు తెరిచింది. ఇరవై రోజుల తర్వాత నోరు తెరిచి ముద్ద అందుకుంది. కాని నమిలే సత్తువ లేదు, అది గొంతులోకి దిగలేదు. ఈరమ్మ వేలితో తీసి చిన్నచిన్నగా చేసి, నీళ్ళతో తడిపి పెట్టింది. మొదటిది దిగింది. రెండోది దిగలేదు. ఎండ నడినెత్తికి రాకముందే దాని ఒళ్ళు చల్లబడిపోయింది. సంగటి పలుకులు పళ్ళ మధ్య అలాగే ఉన్నాయి.

ఆమె ఏడుస్తుందనుకున్నారు చిదంబరయ్యగారు. తిడుతుందనుకున్నారు. కొంగుతో కుక్క మూతి తుడిచి, లేచి, ఆయనకు దండం పెట్టి, “మీ తప్పు ల్యాదులే సామీ, మీరు మంచోళ్ళు” అని వెళ్ళిపోయింది. “నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాటలు ఒక్కటీ గుర్తులేవు. ఈవిడ మాటకి ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది” అన్నారు గురువుగారు. కుక్కను పాతిపెట్టింది తానేననీ, గుంజ దగ్గర విస్తరి తీసి పారేసింది కూడా తానేననీ చెప్పి ఊరుకున్నారు.

ప్లీడరుగారు మాయ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను ఇందాక నవ్విన నవ్వు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. ఓబులేసు కళ్ళు తుడుచుకుని గబగబా లేచాడు. అతనిలో కొత్త ప్రాణం వచ్చినట్టుంది.

“తెలిసింది సామీ. ఇప్పుడే పోయి, నేను ముందు ఒక ముద్ద కొరికి పెడతా. ఈ పూటే తింటాది” అని గుమ్మం దిగబోయాడు.

“ఆగు” అన్నారు గురువుగారు. అంత గట్టిగా ఆయన అరవడం మేమెప్పుడూ వినలేదు.

“అది చచ్చిపోయిన కుక్క తిండి, ఓబులేసూ. నీది బతికుంది గదా. దాన్నెరిగినవాళ్ళను వదిలేసి దాని సంగతి నన్నడుగుతావేం?”