తడిసిన గడ్డి నేరం

మన్యంలో దివాను వీరభోగయ్య గారికి చలేస్తే లోకమంతటికీ చలేసినట్టే. తాను కంబళి కప్పుకుని, జమీందారు పందెం కోళ్ల గూటికున్న కంతలన్నీ మూయించారు. మర్నాటికి గూట్లో గడ్డి తడిసిపోయింది. కోళ్లు గురగురమంటూ ముడుచుకున్నాయి.

"నువ్వే నీళ్లు పోశావు. ఊరొదిలి పో!" అన్నారు దివాను గారు, కోళ్ల కాపరి సీదరమ్మతో.

ఆమెకు ఆ కొలువే కూడు. "ఇది కోళ్ల ఊపిరి చెమ్మ, బాబయ్యా. పై కంత తెరిస్తే పోతుంది."

"ఊపిరికి గడ్డి తడుస్తుందా?"

"అయితే పొడిగడ్డి పరిపించి, ఈ రాత్రికి మీరే తాళం వేసుకోండి."

వేసి, తాళంచెవి మొలకు కట్టుకున్నారు. తెల్లారి ఊరి పెద్దల ముందు తలుపు తీస్తే గోడల వెంట నీళ్లు కారుతున్నాయి.

సీదరమ్మ చేతులు కట్టుకుంది. "తాళంచెవి మీ దగ్గరే ఉంది. నీళ్లు పోసింది మీరా, కోళ్లా, బాబయ్యా?"

దివాను గారు పెద్దల మొహాలు చూసి, చాలాసేపు ఆలోచించి, నేరం కోళ్ల మీద వేశారు. సీదరమ్మ నిచ్చెనెక్కి పై కంత తెరిచింది.