భుజబలరాయుడు బస చేసిన సత్రం

వెనకటికి ఒక ఏటికి ఇవతలి ఒడ్డున మేఖలపురమనే రాజ్యం ఉండేది. దానికి ఏలిక భుజబలరాయుడు. అవతలి ఒడ్డు తుమ్మెదకోట రాజు వేంగళరాయుడిది. ఏనుగుల్లోనూ కోటల్లోనూ, చివరికి మీసాల పొడవులోనూ ఆ రాజు తనకు సాటి రాడని భుజబలరాయుడి నమ్మకం. ఒక్క సత్రం మాట వస్తేనే ఆయనకు కడుపు మండిపోయేది.

బాటసారుల కోసం భుజబలరాయుడు పెద్ద రాతి సత్రం కట్టించాడు. వాకిలి మీద మూరెడేసి అక్షరాలతో తన పేరు చెక్కించాడు. ఆ తరవాత ఒక్కనాడూ అటు వెళ్ళి చూడలేదు. బాటసారులు మాత్రం పొద్దువాలేలోగా ఏరు దాటి, వేంగళరాయుడి సత్రంలోనే దిగేవారు. ఆ సంగతి విన్నప్పుడల్లా భుజబలరాయుడికి అన్నం సయించేది కాదు.

ఒకనాడు గాజులమ్ముకునే నాంచారమ్మ అంగడివీధిలో నలుగురితో అంది: "మన రాయలవారి సత్రంలో గది తలుపుకు గడియ లేదు. నా గాజుల మలారం ఎవరో ఎత్తుకుపోయారు. సత్రం అధికారితో చెప్పుకుంటే, నిన్నెవరు నిద్రపొమ్మన్నారని అడిగాడు. ఒంటరిగా ఊళ్ళు తిరిగేదాన్ని. ఇకమీదట ఏరు దాటి అవతలి సత్రంలోనే పడుకుంటాను."

ఈ మాట రాజు చెవిన పడింది. "నా సత్రాన్ని కించపరిచి వాడి సత్రాన్ని పొగుడుతుందా? దేశంలోంచి వెళ్ళగొట్టండి" అన్నాడు. వెళ్ళగొట్టేలోగా భటులు ఆమెను చెరలో పెట్టారు.

కొలువులో మాచన అనే విదూషకుడు ఉన్నాడు. ఆవిడ తప్పేమీ లేదని చెబితే రాజు వినడని అతనికి తెలుసు. అందుకే మెల్లగా అన్నాడు: "ప్రభూ, వెళ్ళగొడితే ఆవిడ ఏరు దాటుతుంది. అక్కడే కూర్చుని రోజూ ఆ సత్రాన్నే పొగుడుతుంది."

రాజు ఆలోచనలో పడ్డాడు. "మరేం చేద్దాం?"

"ఏలినవారే మారువేషంలో వెళ్ళి, ఒక్క పూట అక్కడ బస చేసి, లోపాలన్నీ పట్టుకోవాలి. వాటిని నిండు సభలో చదివిస్తే ఆ సత్రం పరువు ఏం మిగులుతుంది?"

రాజు ముఖం వెలిగిపోయింది.

మర్నాడు ఇద్దరూ పసుపు వర్తకుల వేషం వేసి గూడుబండి ఎక్కారు. మాచనే బండి తోలాడు. రేవు దాటుతుంటే రాజు తల బయటపెట్టి, "దాటామా?" అని అడిగాడు. "దాటాం ప్రభూ" అన్నాడు మాచన. తరవాత ఎండకు రాజుకు కునుకు పట్టింది. ఆ ఏరు కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది. పై రేవులో మాచన చప్పుడు లేకుండా ఇవతలికి దాటించి, పొద్దు గుంకేవేళకు ఒక సత్రం ముందు బండి ఆపాడు. వాకిలి పొడుగునా సత్రం అధికారి పంచెలు ఆరేసి ఉన్నాయి.

అధికారి అరుగు మీద పడుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"అయ్యా, చోటుందా?" అని అడిగాడు మాచన.

"ఉంటే ఉంటుంది. లోపలికెళ్ళి వెతుక్కో" అన్నాడు అధికారి, తల తిప్పకుండానే.

రాజు మాచన డొక్కలో పొడిచాడు. "విన్నావా వాడి మర్యాద? రాసుకో."

చల్లారిపోయిన అన్నం వడ్డించారు. మజ్జిగలో విస్తరాకు ఈనెలు కూడా కనిపించాయి. చాప నిండా నల్లులు. తలుపుకు గడియ లేదు. ఒక్కొక్క బాధా పడుతున్నకొద్దీ రాజు ఆనందం పెరిగింది. తెల్లవారి లేచేసరికి ఆయన చెప్పులూ పట్టు ఉత్తరీయమూ మాయమయ్యాయి. అధికారిని అడిగితే, "నువ్వేమన్నా రాజువా, నీ చెప్పులకు కాపలా పెట్టడానికి?" అన్నాడు. రాజు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.

కునుకులు తీస్తూ బండిలో తిరిగివచ్చాక రాజు కొలువు తీర్చి, పన్నెండు లోపాలు తాటాకు మీద రాయించాడు. "బాటసారికి ఇంత భద్రత కూడా ఇవ్వలేనివాడు రాజు అనిపించుకోదగడు. ఆ అధికారిని తొలగించాలి. పోయిన సొత్తు బాధితులకు రెండింతలు ఇప్పించాలి" అని తీర్పు చెప్పి, ముద్ర వేసి చదివించాడు. సభ్యులంతా మెచ్చుకున్నారు. రాజు మీసం దువ్వుకున్నాడు.

"ఈ తీర్పు నేడే అమలు చేయమని సెలవా?" అన్నాడు మాచన.

"పిచ్చివాడా, వాళ్ళ రాజ్యంలో మన తీర్పు ఎలా చెల్లుతుంది?"

"ఆ సత్రం మనదే ప్రభూ. నిన్న మనం ఏరు రెండుసార్లు దాటాం. రెండోసారి తమరు నిద్రలో ఉన్నారు. వాకిలి మీద ఆరేసిన పంచెలు తీస్తే కింద తమ పేరే ఉంటుంది."

రాజు ముఖం కందగడ్డలా అయింది. "నన్నే మోసగించావా? దీనికి శిక్ష ఏమిటో తెలుసా?"

"తెలియదు ప్రభూ. ఆ సత్రంలో రెండు మూడు లోపాలు చెప్పినందుకు నాంచారమ్మకు దేశబహిష్కారం. పన్నెండు చెప్పినవారికి ఏమిటో ముందు సెలవియ్యండి. నాది ఆ తరవాత చూద్దాం."

రాజు చేతిలోని తాటాకు వైపు చూశాడు. చివరికి, "ఆవిణ్ణి విడిచిపెట్టండి. తీర్పు ఉన్నదున్నట్టు జరపండి" అన్నాడు. నాంచారమ్మకు రెండు మలారాల గాజులు ముట్టాయి. అధికారి కొలువు పోయింది.

అయినా రాయుడి కడుపుమంట చల్లారలేదు. నాలుగు రోజులకు మాచనను పిలిచి, "ఈసారి ఒక్క రేవే దాటించు" అన్నాడు.

అవతలి సత్రంలో ఒక ముసలావిడ కాళ్ళు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళిచ్చి, "దారిలో ఏమన్నా ఇబ్బంది పడ్డారా నాయనా?" అని అడిగింది. రాజు తలుపు గడియను మూడుసార్లు వేసి తీసి చూశాడు. చాప ఎత్తి నల్లుల కోసం వెతికాడు. తరవాత ముసలావిడ ఇచ్చిన వేడి పాలు తాగి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. తెల్లవారాక ఇద్దరూ తిరిగివచ్చారు.

కొలువులో మాచన తాటాకూ గంటమూ తీశాడు. "అక్కడ కనిపించిన లోపాలు సెలవియ్యండి ప్రభూ, రాసుకుంటాను."

రాజు చాలాసేపు ఆలోచించాడు. "పాలు ఒక పొంగు ఎక్కువ కాచారు. అదొక్కటీ రాయి" అన్నాడు. ఆ మాట అనేసరికి ఆయనకే నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ భుజం మీది శాలువ తీసి మాచనకు కప్పి, తన సత్రం తలుపులకు గడియలు బిగించడానికి వడ్రంగులను పిలిపించాడు.