శాలువా కప్పుకున్న ఎండపెట్టె

అనగనగా ఒక ఊరు. దాని పేరు ముసురుకోన. ఆ ఊరికి వాన శ్రావణంలో చుట్టపుచూపుగా వచ్చేది, ఇల్లరికపుటల్లుడిలా తిష్ఠ వేసేది. ఎండ మొహం చూడాలంటే దసరా దాటాల్సిందే.

ఆ ఊళ్ళో అచ్చియమ్మ గారింట్లో బట్టలారబెట్టే యంత్రం ఒకటి ఉండేది. పట్నంలో దాన్ని డ్రయ్యర్ అంటారట. ముసురుకోన వాళ్ళు ఎండపెట్టె అనేవారు. తడిబట్టలు లోపలి డోలులో వేసి మీట తిప్పితే అది గిరగిరా తిరిగేది. చెమ్మంతా వేడిగాలిలో కలిసి, పెట్టె వీపున ఉన్న గుండ్రటి కంతలోంచి బయటికి పోయేది. బట్టలు పెళపెళలాడుతూ వచ్చేవి.

దాన్ని కొని తెచ్చినవాడు అచ్చియమ్మ భర్త. ఆయన కాలం చేశాక ఆ పెట్టె అంటే ఆవిడకు పంచప్రాణాలూను. ఒక ఏడు దసరాకు ఆయుధపూజ చేస్తూ ఆవిడ ఆగిపోయింది.

"ఇన్నేళ్ళు చాకిరీ చేసిన పెద్దదాన్ని ఉత్త పసుపుబొట్టుతో సరిపెడతామా? సన్మానం చెయ్యాలి" అంది.

సన్మానమంటే మనవాళ్ళకు శాలువాయే కదా! ఒకప్పుడు ఊరివాళ్ళు తన భర్తకు కప్పిన జరీ శాలువా తెచ్చి, పెట్టెకు వీపు నిండా కప్పింది. జారిపోకుండా కాళ్ళకు ముడివేసింది. ఇంటిల్లిపాది చేతా చప్పట్లు కూడా కొట్టించింది.

"సన్మానం చేసిన శాలువా తీస్తే అవమానం. ఎవరూ ముట్టుకోకండి" అని ఆజ్ఞ వేసింది.

వేసవంతా బట్టలు దండెం మీదే ఆరాయి. శ్రావణం వచ్చింది, వాన వచ్చింది. మూడోనెల పసివాడితో కోడలు నాంచారి కూడా పుట్టింటి నుంచి వచ్చింది. పసివాడున్న ఇల్లంటే పొత్తిగుడ్డల ఇల్లు. గంపెడు ఉతికితే గంపెడు తడుస్తాయి.

నాంచారి పెట్టె మీట తిప్పింది. డోలు తిరిగింది, పెట్టె మూలిగింది, కమురు వాసన కొట్టింది. తలుపు తీసి చూస్తే గుడ్డలు ఉడుకుతున్నాయే గాని ఆరలేదు.

మొదట కొట్టు షావుకారు వచ్చాడు. పెట్టెను కాలితో తట్టాడు. "దీనికి కాలం చెల్లిందమ్మా. పాతసామాన్లవాడికి పారేసి కొత్తది తెచ్చుకోండి" అన్నాడు.

"కాలితో తన్నినవాడి మాట మా ఇంట చెల్లదు నాయనా" అని అచ్చియమ్మ సాగనంపింది.

తర్వాత మరమ్మతు మేస్త్రీ వచ్చాడు. "వీపు చూడాలి. ఆ శాలువా తియ్యండమ్మా" అన్నాడు.

"అది సన్మానం బాబూ. ఏం చూసినా ముందు నుంచే చూడు!"

అతగాడు ఏం చేస్తాడు పాపం! ముందు నుంచే చెయ్యి దూర్చి డోలు పట్టీ బిగించాడు. డోలు ఇంకా జోరుగా తిరిగింది, గుడ్డలు తడిగానే ఉన్నాయి.

చివరికి పక్కింటి పేరమ్మ వచ్చింది. "దిష్టి కొట్టింది వదినా" అని నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి వేలాడదీసింది. నిమ్మకాయలు నవనవలాడాయి, గుడ్డలు మాత్రం ఆరలేదు.

ఇక కుంపటి మీద గంప బోర్లించి గుడ్డలు ఆరేశారు. ఇల్లంతా పొగ. పసివాడు దగ్గడం మొదలెట్టాడు. చెమ్మగుడ్డ చుడితే జలుబు, పొగలో ఆరిన గుడ్డ చుడితే దగ్గు. వాడి గొంతులో గురగుర వింటుంటే తల్లి గుండె నీరైపోయింది. అచ్చియమ్మ అయితే అన్నం మానేసింది.

నాంచారి వసారాలో తడిగుడ్డల గంప ముందు కూర్చుని ఏడుస్తోంది. ఇంటిపిల్లి వణుకుతూ వచ్చి ఒళ్ళో దూరింది. ఆ రోజుల్లో పిల్లులు అవసరానికి మాట్లాడేవి. అనవసరానికి మాట్లాడే పని మనుషులకు వదిలేసేవి.

"నీకేం వచ్చిందే, వెచ్చటి చోటు వెతుక్కోలేకపోయావా?" అంది నాంచారి.

"నా వెచ్చటి చోటు పెట్టె వెనకే కదమ్మా" అంది పిల్లి. "ఏటా ఆ కంత ముందు పడుకునేదాన్ని. వేడిగాలి ఊదేది. ఈ ఏడు ఊదడం లేదు. మూతికి గుడ్డ కడితే ఎవరు మాత్రం ఊదుతారు?"

నాంచారి దిగ్గున లేచింది. పిల్లి గొంతు తగ్గించి, "మీ అత్తగారు పూజలో ఉంది. గబుక్కున ముడి విప్పెయ్. పని కాగానే మళ్ళీ కట్టెయ్" అంది.

నాంచారి చెయ్యి ముడి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "దొంగతనంగా విప్పితే రేపూ దొంగతనంగానే విప్పాలి. ఆవిడ మనసు నొచ్చుకున్నా సరే, చెప్పే విప్పుతాను."

పూజగది గుమ్మంలో నిలబడింది. "అత్తయ్యా, కోప్పడనంటే ఒక మాట అడుగుతాను."

"అడగవే."

"ఊరివాళ్ళు శాలువా కప్పినప్పుడు మామయ్యగారు దాన్ని ఎంతసేపు ఉంచుకున్నారు?"

అన్ని దిగుళ్ళ మధ్యా అచ్చియమ్మకు నవ్వొచ్చింది. "ఎంతసేపా! ఉక్కపోస్తోందే, ఊపిరాడటం లేదే అంటూ వేదిక దిగకముందే తీసి నా చేతిలో..."

మాట సగంలో ఆగిపోయింది. ఆవిడ కోడలి మొహంలోకి చూసింది.

"పెట్టె వీపున ఊపిరి కంత ఉంది అత్తయ్యా. దాని మీదే శాలువా ఉంది" అంది నాంచారి.

అచ్చియమ్మ వెళ్ళి తన చేత్తోనే ముడి విప్పింది. కంత ఆనినచోట శాలువా మాడి గోధుమరంగుకు తిరిగింది. కంత నిండా బట్టల నుంచి రాలిన నూగు దూదిలా అట్టకట్టింది. మరి కొన్నాళ్ళు పోతే ఇల్లే అంటుకునేది. ఆవిడ మాడిన శాలువాను చేతిలోకి తీసుకుంది.

"గౌరవం చేస్తున్నాననుకుని గొంతు నులిమానే! పసివాడి ప్రాణం మీదికి తెచ్చానే!"

"ప్రేమతోనే చేశారత్తయ్యా. పట్టండి, నూగు తీద్దాం."

కరెంటు తీగ పీకేసి, అత్తాకోడళ్ళు చేతులతోనూ చీపురుపుల్లలతోనూ నూగంతా లాగారు. తీగ మళ్ళీ పెట్టి మీట తిప్పారు. పెట్టె మూలగలేదు. వీపున కంత హుష్షుమని వెచ్చగా ఊదింది. పిల్లి ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్ళి అక్కడ పడుకుంది.

కాసేపటికి గుడ్డలు పెళపెళలాడుతూ వచ్చాయి. అచ్చియమ్మ ఒకటి తీసి చెంపకు ఆన్చి చూసుకుంది. కుంపటి ఆర్పించింది, కిటికీలు తెరిపించింది. నాంచారి పసివాడికి పొడిగుడ్డ చుట్టి భుజాన వేసుకుంది. వాడు రెండుసార్లు దగ్గాడు, ఒకసారి ఆవులించాడు, నిద్రపోయాడు. గొంతులో గురగుర మెల్లగా తగ్గింది.

"బతికించావే తల్లీ" అని అచ్చియమ్మ గోడకు చేరగిలబడింది. ఆ తర్వాతే ఆవిడకు ఆకలి గుర్తొచ్చింది. "నాంచారీ, అన్నం పెట్టవే" అంది. బయట వాన కురుస్తూనే ఉంది, దాని సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

కాబట్టి పిల్లలూ, పెద్దవాళ్ళకైనా పాత వస్తువులకైనా దండం పెడితే సరిపోదు, వాటికి ఊపిరాడుతోందో లేదో చూసుకోవడమే అసలైన గౌరవం.