అసిరినాయుడి కోటు

సోమలింగం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం ఒక్కోసారి ఆ పూటకే తీరేది, ఒక్కోసారి ఏడాది పట్టేది.

విశాఖపట్నం పాత ఊళ్లో, రేవుకు దగ్గరగా ఒక మేడ మీద ఆయన కాపురం. ముప్పై ఏళ్లు ఓడలవాళ్లకు యూనిఫారాలు కుట్టిన దర్జీ. ఎవరో నావికుడు మరమ్మతుకిచ్చి మళ్లీ రాలేదు. అలా చేతికి దక్కిన ఒక జపాను సైనికుడి పాత కోటుతో ఆయన పిచ్చి మొదలైంది. డెబ్బయ్యో ఏటికి బీరువాలో అలాంటివి పద్నాలుగు చేరాయి. అన్నీ జపాను సైన్యపు తొలినాళ్లవే. ముదురు నీలం ఉన్ని, నిలువు కాలరు, మెడ దగ్గర కొక్కెం, ఇత్తడి బొత్తాలు. సముద్రపు చెమ్మకు బూజు పట్టకుండా వాటిని పలచని మల్లుగుడ్డలో చుట్టి ఉంచేవారు, నెలకోసారి నీడన ఆరవేసేవారు.

ఆయన దగ్గర అయిదేళ్లుగా ప్రతి ఆదివారం పాత కోట్లను గుర్తుపట్టే ఈ విద్య నేర్చుకుంటున్నవాడు త్రివిక్రమ్. కాలేజీలో చరిత్ర లెక్చరరు. ముద్రలు చదవడం కోసం జపాను అక్షరాలు కూడా కష్టపడి కొన్ని పట్టాడు. ఒక ఆదివారం అతను కాస్త ధీమాగానే అడిగాడు:

"మాస్టారూ, బట్ట, కుట్టు, కాలరు, బొత్తాం, లోపల అస్తరు మీద సిరాముద్ర, ఇవన్నీ చూసి ఏ కోటు ఏ ఏటిదో ఇప్పుడు చెప్పగలను. నకిలీని గుమ్మంలోనే పట్టుకోగలను. ఇంకా నేను నేర్చుకోవలసింది ఏమైనా ఉందంటారా?"

"చూద్దాం," అన్నారు మాస్టారు.

అదే పూట మెట్లెక్కి ఒక ముసలావిడ వచ్చింది. పేరు గున్నమ్మ. చీపురుపల్లి దగ్గరి పల్లెటూరు. పాత సిపాయి కోట్ల సంగతి తెలిసిన దర్జీ ఇక్కడ ఉన్నారని ఎవరో చెబితే తెల్లవారుజాము రైలుకు బయల్దేరిందట. వైరుబుట్టలోంచి పాత చీరలో చుట్టిన మూట తీసి బల్ల మీద పెట్టి, విప్పకుండా చెయ్యి దాని మీదే ఉంచింది.

"మా తాత అసిరినాయుడు తెల్లోడి పల్టన్లో సీనా ఎల్లేడు బాబూ. రోడ్లేసే పల్టను. అక్కడ సలికి ఒణికిపోతంటే జపానోడొకడు ఈ కోటిచ్చేడంట. మా తాత ఆడికి తన తలపాగా ఇచ్చేడంట. ఇప్పుడు మా ఊళ్లో యుద్ధాలకెళ్లినోళ్ల పేర్లు రాయి మీద సెక్కిస్తన్నారు. మా తాత పేరు ఒద్దన్నారు. కాయితం లేదు, సీనా లేదు గీనా లేదు, కలకత్తా జనపనార మిల్లుకెళ్లొచ్చి కోతలు కోసీవోడు అన్నారు. ఇది సిపాయి కోటో కాదో మీరొక్క మాట సెప్పండి."

1900లో నానా దేశాల సైన్యాలు కలిసి చైనా రాజధాని పెకింగ్ మీదికి నడిచినప్పుడు వాటిలో మదరాసు పల్టన్లూ ఉన్నాయి, జపాను సైన్యమూ ఉంది. ఆవిడ చెప్పేది జరగడానికి వీలున్నదే. త్రివిక్రమ్ ఆత్రంగా మూట విప్పాడు.

విప్పగానే ఆ ఆత్రం చప్పున చల్లారిపోయింది. ఛాతీ అంతా జరీ అంచు కుట్టి ఉంది. భుజాల నుంచి బంగారు రంగు కుచ్చులు వేలాడుతున్నాయి. బొత్తాలు తళుకు రేకువి. లోపల ఆ చివర నుంచి ఈ చివరకు ఎర్ర సాటిను అస్తరు. నిజమైన కోటుకు తెల్ల నూలు అస్తరు ఉండాలి, దాని మీద ఏ డిపోలో కుట్టారో, ఏ సైజో, ఏ ఏడాదో తెలిపే నల్ల సిరాముద్ర ఉండాలి. ముద్ర లేదు. నిమిషం కూడా పట్టలేదతనికి.

"నాటకాల కోటమ్మా ఇది," అన్నాడు మెత్తగానే. "సైనికుడిది కాదు."

గున్నమ్మ ఆ మాట అంతకుముందే చాలామంది నోట విన్నదానిలా తల ఊపింది. త్రివిక్రమ్ మాస్టారి వైపు చూశాడు. ఆయన కోటును చూడటం లేదు, ఆవిడ చేతులను చూస్తున్నారు. ఆవిడ కోటును లోపలివైపు పైకి తిప్పి, కుడి పక్కను ఎక్కడా మడత పడకుండా పరిచి, మిగిలినదంతా దాని చుట్టూ మడుస్తోంది.

"అలా మడుస్తారేమమ్మా?" అన్నారు మాస్టారు.

"మా నాన్న ఇలాగే మడతెట్టీవోడు బాబూ. లోపలి రాత నలిగిపోద్దని."

"రాతా?" అన్నాడు త్రివిక్రమ్. "ఏ రాత?"

"నాకేటి తెలుసు? కాకి కాళ్లలాగుండీది. ఈ పట్నం మీద జపానోడు బాంబులేసిన యేడు నాకు ఆరేళ్లు. రేవు మీద బాంబులు పడ్డాయని తెలీగానే ఊళ్లో ఒకటే గగ్గోలు. పోలీసులు ఇళ్లెంట తిరుగుతున్నారన్నారు. జపాను రాతున్న కోటు ఇంట్లో ఉంటే ఏటైపోద్ది? మా నాన్న ఇత్తడి బొత్తాలు పీకి నూతిలో పారేశాడు. ఎర్రగుడ్డ తెచ్చి లోపలంతా కప్పి కుట్టేశాడు. మద్దేనం ఏళ, గాదె ఎనకాల కూకుని. సూదిలో దారం నేనే ఎక్కించేను. పైన ఈ జరీ గిరీ ఏసి, భాగోతుల్లో రాజు కోటని ఊరంతా సెప్పేడు. అందరికీ నమ్మకం కుదరాలని ఎన్నడూ యేషం కట్టనోడు రెండేళ్లు యేషం కూడా కట్టేడు. ఆ ఏటి నుంచి మా తాత సీనా ఊసెత్తితే మా నాన్నే నోరు మూయించీవోడు. మా తాత ఇంక మాటాడ్డం మానేశాడు."

త్రివిక్రమ్ లేచి సొరుగులోంచి చిన్న కత్తెర తెచ్చాడు. ఏ ఆనవాళ్లు చూసి తాను కాదన్నాడో అవన్నీ కాదనిపించడానికే ఒక మనిషి ప్రాణభయంతో కూర్చుని కుట్టినవి. ఆ దర్జీతనమే డెబ్బై ఏళ్ల తరవాత కూడా పని చేసింది, తన మీద.

"కొంచెం విప్పి చూడనిస్తారా అమ్మా?"

"మా నాన్న కుట్టు," అంది గున్నమ్మ. "నేనే ఇప్పుతాను."

ఒక్కొక్క పోగే తెంపుతూ బెత్తెడు మేర విప్పింది. ఎర్రగుడ్డ కింద పసుపు తిరిగిన తెల్ల నూలు కనబడింది. దాని మీద టీ మరకంత రంగుకు వెలిసిన ముద్ర. త్రివిక్రమ్ దీపం దగ్గరకు లాగి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. డిపో పేరు. సైజు. మెయిజీ ముప్పై ఒకటో ఏడు, అంటే 1898. దాని పక్కన చిన్న గుడ్డముక్క మీద ఎవరో సైనికుడు తన పేరు చేత్తో రాసుకున్నాడు. సగం మాసిపోయింది, మొదటి అక్షరం మాత్రమే తేలింది.

"కోటు నిజమైనదేనమ్మా," అన్నాడు. "మీ తాత వెళ్లారు. నన్ను క్షమించండి."

గున్నమ్మ ఏడుస్తుందనుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. ఆ పేరు మీద వేలు పెట్టి, "ఈడేనా తలపాగా తీసుకున్నోడు?" అని అడిగింది.

ముద్రకు ఫొటోలు తీశారు. ఊరివాళ్లకు చూపించమని త్రివిక్రమ్ రెండు పేజీల ఉత్తరం రాశాడు, మాస్టారు కింద సంతకం పెట్టారు. ఈలోగా గున్నమ్మ సూదీ దారం అడిగి పుచ్చుకుని, విప్పిన మేరలో సగం మళ్లీ పాత చిల్లుల్లోంచే కుట్టేసింది. పేరున్న చోటు మాత్రం వదిలేసింది. "ఇది తెరిచే ఉండనీ. ఇంక బయమేటి?" అంది. తరవాత కోటు తనకు తెలిసిన పద్ధతిలోనే మడిచి, మూటకట్టి, బుట్టలో పెట్టుకుని సాయంత్రం రైలుకు బయల్దేరింది.

త్రివిక్రమ్ వీధి చివరి దాకా వెళ్లి ఆవిడను ఆటో ఎక్కించి వచ్చాడు. వచ్చాక కూడా అతని మనసు నిలవలేదు.

"మాస్టారూ, అలాంటిది మన బీరువాలో ఒక్కటీ లేదు. ఆ పల్లెలో చెదలు పడుతుందో, ఎవరి పాలవుతుందో. బతిమాలి అయినా మనం అట్టే పెట్టుకోవలసింది. మీరు ఒక్క మాటైనా అడగలేదు."

సోమలింగం మాస్టారు బల్ల మీద రాలిన ఎర్రదారపు పోగులు ఏరి అరచేతిలో పెట్టుకుంటున్నారు.

"దాచడం మనకన్నా ఆ ఇంటివాళ్లకే బాగా తెలుసురా," అన్నారు.