ముత్యాలయ్య మూసిన చిల్లు

మండపేటలో ఒకావిడ ఇంట్లో, ముందుగది గోడవారగా, చెక్క స్టాండు మీద ఓ గాజు తొట్టి ఉండేది. అందులో కాపురం ఉండేవాడు ముత్యాలయ్య అనే గౌరామి చేప. ఒంటినిండా ముత్యాలు చల్లినట్టు తెల్లచుక్కలు, గడ్డం కింద దారాల్లాంటి రెండు పొడుగాటి మీసాలు. తొట్టి గాజుకి అంటుకుని పాకుతూ నత్తమామ్మ ఉండేది. ఆ తొట్టిలో అందరికంటే పాతకాపు ఆవిడే, కానీ పొద్దున్న మొదలుపెట్టిన మాట మధ్యాహ్నానికి గానీ ముగించేది కాదు. పై గోడమీద బల్లి బుచ్చమ్మ. స్టాండు కింది అరలో గోనెపట్టా పరుచుకుని గండుపిల్లి గవర్రాజు. గవర్రాజు తొట్టికేసి ఏ చూపు చూసేవాడో వేరే చెప్పాలా? ఉట్టి కింద కూచున్న పిల్లికి ఉట్టి మీదే ధ్యాస.

ముత్యాలయ్య జాతిలో ఓ పద్ధతి ఉంది. ఆడది గుడ్లు పెట్టి తప్పుకుంటుంది, పెంపకమంతా మగాడిదే. నోటితో బుడగలు ఊది, తేలే ఆకు కింద నురుగు గూడు కట్టాలి. గుడ్లు ఒక్కొక్కటే నోట కరుచుకెళ్లి బుడగల మధ్య అమర్చాలి. ఒకటి జారితే కిందికి ఉరికి మళ్లీ తెచ్చి పెట్టాలి. గూటి దగ్గరికి ఎవరొచ్చినా, కన్నతల్లైనా సరే, తరిమికొట్టాలి. పిల్లలు తమంతట తాము ఈదేదాకా తండ్రికి తిండీ లేదు, నిద్రా లేదు.

ఈసారి తరమడానికి తల్లి కూడా లేకపోయింది. గుడ్లు పెట్టిన మర్నాడే పాపం ఆ ఇల్లాలు తాయారు కన్నుమూసింది. ఇంటావిడ చిన్న వలతో ఎత్తి తీసుకెళ్లి పెరట్లో మందార మొదట్లో పూడ్చింది. ముత్యాలయ్యకి ఏడవడానికైనా తీరిక చిక్కలేదు. బుడగలు పగులుతుంటే కొత్తవి ఊదుకుంటూ, "మీ అమ్మ లేదర్రా, నేనున్నాను" అని గుడ్లతో చెప్పుకుంటూ ఆ ఆకు కిందే ఉండిపోయాడు. తాయారు తాలూకు మిగిలింది ఆ గుడ్లే కదా మరి!

అలా ఉండగా ఓ ఉదయం బుచ్చమ్మ గోడ దిగి వచ్చింది.

"ముత్యాలన్నా, ఓ మాట. మీ ఇల్లు కారుతోంది."

"కారడమేంటి?"

"కింద మూలన. మొన్న ఇంటావిడ పాచి గీకుతానని బ్లేడు పెట్టి రుద్దలా? అద్దాలు రెండూ అతికించిన చోట ఆ సిలికాన్ బంక కాస్తా తెగింది. శుభ్రం ఎక్కువైనా చేటే! ఒక్కో చుక్కా జారుతోంది."

ముత్యాలయ్య ఒక్కసారి ఆకు వదిలాడు. కిందికి దిగి చూశాడు. నిజమే. మూలన సన్నటి చీలిక, వెంట్రుకంత. మీసం ఆనిస్తే నీరు బయటికి లాగుతున్నట్టు తెలుస్తోంది.

"ఇప్పుడేం చెయ్యను చెల్లీ?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు, నేను చేస్తాను. ఆ మూల పైన కూచుని మూడుసార్లు పలుకుతాను. బల్లి పలికితే ఇంటావిడ ఊరుకుంటుందా? ఏ దిక్కున పలికిందో, ఏం ఫలమో అని ఆ మూలకేసి చూస్తుంది. చూస్తే చుక్క కనబడుతుంది. చుక్క కనబడితే బాగు చేయిస్తుంది."

"బాగుంది, చాలా బాగుంది!" అంటూ కింది అరలోంచి గవర్రాజు ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చాడు. "బాగు చేయిస్తుంది సరే, ఎలా చేయిస్తుందో కూడా చెప్పు బుచ్చమ్మా. పాపం పసిబిడ్డల తండ్రి, తెలుసుకోవద్దూ?"

"ఎలా చేస్తారేమిటి?" అన్నాడు ముత్యాలయ్య.

"తమ్ముడూ, నువ్వూ బుచ్చమ్మా ఈ ఇంటికి కొత్త. పోయినేడు ఈ తొట్టే ఇలాగే కారింది. నేను ఈ కళ్లతో చూశాను. ఆ అతుకు తడి మీద పట్టదు, లోపలినుంచే పెట్టాలి. అంచేత నీళ్లన్నీ తోడేశారు. తొట్టి బోర్లించారు. ఉప్పేసి తోమి ఎండలో పెట్టారు. పెద్ద చేపలు సరే, బకెట్లో బతుకుతాయి. మరి నురుగు గూడు? నురుగుని బకెట్లోకి ఎత్తగలరా ఎవరైనా? నాకెందుకులే, చెప్పడం నా ధర్మం."

చూశారా, అబద్ధం ఒక్కటీ లేదు! నీళ్లు తోడింది నిజం, తొట్టి బోర్లించింది నిజం. సగం నిజం చెప్పి మిగతా సగం మీసాల కింద దాచుకున్నాడు. గవర్రాజు తెలివంతా అక్కడే ఉంది.

ముత్యాలయ్య తల్లడిల్లిపోయాడు. "అమ్మో! గూడు పోతే నా బిడ్డలు పోయినట్టే. బుచ్చమ్మా, నువ్వు పలకొద్దు."

"అదేంటన్నా? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంటావా?"

"బిడ్డలు ఈత నేర్చేదాకా ఆగు, అంతే. ఆ తర్వాత నువ్వు ముప్పైసార్లు పలుకు, నేనేమీ అనను. ఈలోగా ఆ మూలన పలికావంటే నా బిడ్డల మీద ఒట్టే."

బిడ్డల మీద ఒట్టు పెట్టాక బుచ్చమ్మ మటుకు ఏం చేస్తుంది? నోరు మూసుకుని గోడగడియారం వెనక్కి వెళ్లిపోయింది.

"అదీ తండ్రంటే!" అన్నాడు గవర్రాజు. "నాచు తుంపి ఆ చీలికలో కూరు తమ్ముడూ. నాలుగు రోజులు నిలబడితే చాలదూ?"

ముత్యాలయ్య నాచు పీకి, అడుగునున్న ఒండ్రు కలిపి చీలికలో కుక్కాడు. బయటికి కనబడే చుక్క ఆగింది. ఆ నీరు ఇప్పుడు అద్దం అడుగుగుండా స్టాండు చెక్కలోకి ఇంకుతోందన్న సంగతి లోపలున్నవాడికెలా తెలుస్తుంది? తెలిసినవాడు కింది అరలో పడుకున్న గవర్రాజే. గోనెపట్టా తడిసింది. చెక్క ఉబ్బుతోంది, పొరలు పొరలుగా విడుతోంది. గవర్రాజు తెల్లారగానే లేచి, నేలమీద చేరిన నీటిని ఇంటావిడ కంట పడకుండా శుభ్రంగా నాకేసేవాడు. ఇల్లు తుడిచే పని పిల్లి చేస్తుంటే అనుమానించాలి కదండీ! అనుమానించినవాళ్లు లేకపోయారు.

ఇంటావిడ రోజూ వచ్చి తొట్టికేసి చూసేది. "ఏం ఎండలమ్మా, నీళ్లు ఇట్టే ఇగిరిపోతున్నాయి" అని ఓ చెంబుడు పోసేది. ధార సూటిగా పోసేది కాదు. అరచెయ్యి అడ్డంపెట్టి, వేళ్ల సందుల్లోంచి మెల్లిగా, గూటికి అలజడి లేకుండా జారవిడిచేది. ఆ చెయ్యి ఎందుకలా అడ్డం పెడుతోందో ముత్యాలయ్య ఒక్కసారైనా ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది! భయం పట్టినవాడికి తలుపు కూడా గోడలాగే కనబడుతుంది.

నత్తమామ్మకి మనసు ఊరుకోలేదు. పిల్లి మాటలు గాజుకి చెవి ఆనించి వింది ఆవిడ. పాకుతూ పాకుతూ ఆకు దగ్గరికొచ్చింది.

"నాయనా ముత్యాలూ... పోయినేడు... ఈ తొట్టి కారినప్పుడు..."

"దగ్గరికి రాకు!" ముత్యాలయ్య రివ్వున వచ్చాడు. "నీ జాతికి గుడ్లు రుచని నాకు తెలుసు."

"గుడ్లకి కాదురా నాయనా... మాట చెబుదామని... అప్పుడు ఇంటావిడ..."

చెప్పనిస్తేగా! మీసాలతో కొట్టి, ముక్కుతో పొడిచి, గాజు మీదనుంచి ఊడబెరికాడు. నత్తమామ్మ గిరగిరా తిరుగుతూ అడుగున రాళ్లమీద పడింది. మర్నాడు మళ్లీ పాకి వచ్చింది, మళ్లీ పొడిచాడు. ముసలి ప్రాణం, ఎన్నిసార్లని ఎక్కుతుంది? డిప్పలోకి ముడుచుకుని అడుగునే ఉండిపోయింది. హితం చెప్పవచ్చినవాళ్ల మీద తిరగబడతాం, తియ్యగా మాట్లాడినవాణ్ణి గుమ్మంలో కూచోబెడతాం. మనుషులకే అబ్బిన గుణం కాదులెండి ఇది.

గుడ్లు పగిలాయి. నురుగు నిండా కంటిరెప్ప వెంట్రుకల్లాంటి తోకలు వేలాడాయి. ముత్యాలయ్య ఆనందం అంతా ఇంతా కాదు. ఒక పిల్ల జారితే నోట పట్టి, ఊది, గూట్లో పెట్టేవాడు. ఈలోగా ఆ చివర ఇంకోటి జారేది.

"నాన్నా, కింద ఏముంది?" అని అడిగింది అన్నింట్లోకీ అల్లరి పిల్ల.

"కింద ఊరుంది తల్లీ. నాచు తోట ఉంది, రాళ్లున్నాయి. రేపో మాపో నీకు రెక్కలు గట్టిపడితే అంతా తిప్పి చూపిస్తాను."

"అమ్మ కూడా అక్కడుందా?"

ముత్యాలయ్య పగిలిన బుడగ పక్కన కొత్తది ఊదాడు. "అమ్మ పెరట్లో ఉందమ్మా" అన్నాడు చివరికి. ఆ పిల్ల మెల్లిగా గూడు వదిలి, తోక ఆడించి, మీసం పొడుగంత దూరం ఒంటరిగా ఈది వచ్చింది. అది చూసి ఆ తండ్రి నవ్వాడు. తాయారు పోయాక నవ్వడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం ఇంటావిడ మాగాయ ముక్కలు ఎండబెట్టడానికి డాబా ఎక్కింది. గవర్రాజు గోనెపట్టా వదిలి, కాస్త ఎడంగా వెళ్లి, గుమ్మం దగ్గర కాళ్లు ముడుచుకుని కూచున్నాడు.

"ఏం గవర్రాజన్నా, అంత దూరం వెళ్లావ్?" అనడిగాడు ముత్యాలయ్య.

"ఉక్కగా ఉంది తమ్ముడూ, గాలికి."

మాట పూర్తయ్యేలోగా స్టాండులో ఏదో పటపటమంది. నానిన చెక్క ఓ పక్కకి కుంగింది. తొట్టి ఒరిగింది. అడుగు అద్దం ఫెళ్లున పగిలింది. నీళ్లు ఒక్కుమ్మడిగా గదిలోకి దూకాయి. రాళ్లు, నాచు, నత్తమామ్మ, ముత్యాలయ్య, ఆకు, నురుగు, అంతా నేలమీదికి వచ్చిపడింది. గడప కింది తూములోంచి నీరు బయటికి ఉరికింది. పిల్లలు కొన్ని ఆ నీటితో పోయాయి. కొన్ని నాపరాళ్ల మీద మిగిలాయి.

గౌరామి జాతి గాలి కూడా పీల్చుకోగలదు. అందుకే ముత్యాలయ్య వెంటనే చావలేదు. చస్తే బాగుండేది. నేలమీద పక్కకి ఒరిగి, కన్నార్పకుండా, ఎదురుగా రాళ్లమీద నురుగు ఆరిపోవడం చూశాడు. ఒక్కో బుడగా పగిలింది. ఊదడానికి నోట్లో నీళ్లు లేవు. "నాన్నా" అన్నారెవరో. ఎవరన్నారో తెలియలేదు. ఇంకోసారి ఎవరూ అనలేదు.

గవర్రాజు గుమ్మంలోంచి ఒక్క గెంతు గెంతాడు. గెంతినవాడు చేప మీద పడ్డాడా? లేదు, చేప పక్కనున్న గాజుపెంకు మీద పడ్డాడు. అరికాలు బారున చీలింది. వాడు పెట్టిన కేకకి, గడియారం వెనకనుంచి బుచ్చమ్మ పెట్టిన గోలకి ఇంటావిడ డాబా దిగి పరుగెత్తుకొచ్చింది. చీపురు తిరగేసి పిల్లిని వీధిలోకి తరిమింది. గవర్రాజు నెత్తురోడుతూ కుంటుకుంటూ పోయాడు. అన్నాళ్లు నాకిన నీళ్లే వాడికి దక్కిన భోజనం.

"అయ్యయ్యో, అయ్యయ్యో" అంటూ ఇంటావిడ ముత్యాలయ్యని దోసిట్లోకి ఎత్తి బకెట్లో వేసింది. నత్తమామ్మని కూడా వేసింది. తర్వాత మోకాళ్లమీద కూచుని, తడిచేత్తో ఆ రాళ్లన్నీ తడిమింది. చాలాసేపు తడిమింది. బతికున్న పిల్ల ఒక్కటీ దొరకలేదు. కొంగుతో కళ్లొత్తుకుంది.

బకెట్లో నీళ్లు తేరుకున్నాక నత్తమామ్మ డిప్పలోంచి తల బయటపెట్టింది.

"నాయనా... ఇప్పుడైనా వింటావా?"

ముత్యాలయ్య కొట్టలేదు.

"పోయినేడు... తొట్టిలో వేరే జంట ఉండేది. వాళ్లకీ గూడుంది. ఇంటావిడ... నీళ్లు తోడకముందే... వెడల్పాటి గిన్నె ముంచి... ఆకుతో సహా, నురుగుతో సహా... కదలకుండా ఎత్తింది. కిటికీలో పెట్టుకుని... కాపాడింది."

"ఆ పిల్లలు..." ముత్యాలయ్య మామ్మ దగ్గరికి జరిగాడు. "ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారా మామ్మా?"

"అయ్యారు నాయనా. పక్కింటి తొట్టిలో ఉన్నారు. వాళ్లకీ పిల్లలు పుట్టారట."

ముత్యాలయ్య బకెట్ గోడకి మొహం ఆనించుకుని, వెనక్కి తిరగలేదు.

చిల్లు దాచుకున్నవాడికి నీళ్లూ దక్కవు, ఆ నీళ్లలో దాచుకున్నవాళ్లూ దక్కరు.